ఉప్పెన వస్తే అది దేవుడి శిక్షేనా? కృపను నమ్మడం అంటే ఏంటి?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న చూద్దాం. మోపిదేవి నుంచి నాగాయలంక దాకా మన దివిసీమలో ఏ ఇంట్లో కష్టం వచ్చినా పెద్దవాళ్ళ నోట వచ్చే మాట ఒకటుంది: "ఏ పాపం చేశామో!" పంట పోయినా అదే మాట, మనిషి పోయినా అదే మాట. అది నిజమేనా?

1977 నవంబరు 19, శనివారం. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, చెప్తారు. సముద్రం ఊళ్ళ మీదకి వచ్చేసింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. అంతకు నూరేళ్ళకు పైగా ముందు, 1864 నవంబరు 1న బందరు మీదకి ఇలాంటి ఉప్పెనే వచ్చింది. సుమారు 30 వేల మంది పోయారు. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో బడి పెట్టిన ఊరు అదే. మరి వీళ్ళంతా మనకంటే ఎక్కువ పాపులా?

లూకా సువార్త 13వ అధ్యాయం తీయండి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్ళు యెరూషలేములో అందరికంటే ఎక్కువ తప్పు చేసినవాళ్ళా అని యేసే అడిగి, కాదని యేసే చెప్పాడు. వెంటనే, మీరు మారుమనస్సు పొందండి అని కూడా అన్నాడు. అంటే పోయినవాళ్ళ లెక్క మనం తీయకూడదు. మన సంగతి మనం చూసుకోవాలి.

ఇప్పుడు కృప అంటే ఏంటో చూద్దాం. నాట్లకి వెళ్తే సాయంత్రం కూలి ఇస్తారు. అది దయ కాదు, మన హక్కు. రోమా పత్రిక 4వ అధ్యాయంలో పౌలు చెప్పేది ఇదే. కృప కూలి కాదు, సంపాదిస్తే వచ్చేది కాదు. అలాంటప్పుడు కష్టం వస్తే "దేవుడు నా కూలి కోసేశాడు" అనుకోవడం కూడా సరికాదు.

"అయితే ఇష్టమొచ్చినట్టు బతకొచ్చా?" అని అడుగుతారు. లూకా 13వ అధ్యాయంలోనే కాయని అంజూరపు చెట్టు ఉంది. యజమాని నరికేయమంటాడు. తోటమాలి ఇంకో ఏడాది ఆగమని బతిమాలి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. కనికరం అంటే అదే. ఆ ఏడాది ఇచ్చింది కాయడానికే.

1977 తర్వాత మన తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. కట్టినవాళ్ళలో చర్చిల సేవా సంస్థ కాసా కూడా ఉంది. షెల్టరు తుఫానుని ఆపదు. కానీ లోపలికి రావడానికి ప్రమాదంలో ఉండడమే అర్హత. నీ కులమేంటి, చర్చికి ఎన్నిసార్లు వచ్చావు అని గుమ్మం దగ్గర అడిగితే అది షెల్టరే కాదు. దేవుడి కృప కూడా అంతే. ఇంకో సంగతి, షెల్టరుని నమ్మడం అంటే దాన్ని మెచ్చుకోవడం కాదు, లేచి లోపలికి వెళ్ళడం. హెచ్చరిక వచ్చాక కూడా "దేవుడే చూసుకుంటాడు" అని ఇంట్లో కూర్చోవడం విశ్వాసం కాదు. ఆ హెచ్చరిక కూడా దేవుడి దయే.

చివరిగా ఫోన్ చేతిలో ఉన్న మీకు ఒక మాట. ఎక్కడ విపత్తు జరిగినా "ఇది దేవుని తీర్పు" అని వాట్సాప్‌లో వీడియోలు వస్తాయి. దయచేసి ఫార్వర్డ్ చేయకండి. యోబు స్నేహితులు ఏడు రోజులు పక్కన మౌనంగా కూర్చున్నారు, అంతవరకు బాగానే ఉంది. తర్వాత నోరు తెరిచి నీ పాపమే కారణమన్నారు. మీరు సరిగ్గా మాట్లాడలేదని చివర్లో దేవుడే వాళ్ళకి చెప్పాడు.

ఎవరింట్లోనైనా కష్టం వస్తే వెళ్ళి పక్కన కూర్చోండి. అన్నం పట్టుకెళ్ళండి. కారణాలు మాత్రం చెప్పకండి. దేవుడు మిమ్మల్ని దీవించును గాక. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.