ఎలివేటర్ (విమానము)

విమానపు ముక్కును పైకి లేపుటకు, కిందికి దించుటకు తోడ్పడే కదిలే పలకను ఎలివేటర్ అంటారు. ముక్కు ఇలా పైకీ కిందికీ కదలడాన్ని పిచ్ అంటారు. ఎలివేటర్ సాధారణంగా తోక వద్ద గల అడ్డు రెక్క వెనుక అంచుకు బందులతో అమర్చబడి ఉంటుంది. భవనాలలోని లిఫ్టునకు, దీనికి పేరులో తప్ప పోలిక లేదు.

పనిచేయు విధానము

పైలట్ కంట్రోల్ కడ్డీని తనవైపు లాగినప్పుడు ఎలివేటర్ వెనుక అంచు పైకి లేస్తుంది. అందువలన తోకను కిందికి నొక్కే బలం పెరిగి, విమానం తన గరిమనాభి చుట్టూ తిరుగుతుంది. తోక దిగి ముక్కు లేస్తుంది. ఏతము ఒక కొనను తొక్కితే రెండవ కొన లేచుట చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది.

అయితే ముక్కు లేచినంత మాత్రాన విమానం పైకి పోతుందనుకోరాదు. రెక్కకు, ఎదురుగాలికి మధ్యనున్న కోణం (యాంగిల్ ఆఫ్ ఎటాక్) పెరిగి, రెక్కలపై లిఫ్ట్ హెచ్చిన తరువాతనే మార్గం పైకి వంగుతుంది. తోకను కిందికి నొక్కుట వలన తొలి క్షణంలో విమానం కొద్దిగా దిగుతుంది కూడా. పైకి ఎక్కేటప్పుడు ఇంజను శక్తిని పెంచకపోతే వేగం తగ్గుతుంది.

ఆ కోణం ఒక హద్దు దాటితే (చాలా రెక్కలకు సుమారు 15 డిగ్రీలు) గాలి రెక్క పైతలాన్ని విడిచిపోయి లిఫ్ట్ పడిపోతుంది. దీనిని స్టాల్ అంటారు. ఇంజను ఆగిపోవుట అని కొందరు పొరబడతారు కాని అది వేరు. స్టాల్ నుండి బయటపడుటకు కడ్డీని ముందుకు నెట్టి కోణాన్ని తగ్గించాలి. నేలవైపు పడుతున్నప్పుడు ముక్కును ఇంకా దించుట మనసొప్పని పని కనుకనే పైలట్లకు దీనిని ప్రత్యేకంగా అభ్యాసం చేయిస్తారు.

చరిత్ర

1903 డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగిరిన విమానంలో ఎలివేటర్ ముందు భాగాన ఉండేది. అది అతిగా స్పందించేది. ఆర్విల్ రైట్ నడిపిన 12 సెకండ్ల, 120 అడుగుల తొలి ప్రయాణం ముక్కు పైకీ కిందికీ ఊగుతూ సాగింది.

ఎయిర్ ఫ్రాన్స్ 447 ప్రమాదము

2009 జూన్ 1న రియో డి జనీరో నుండి పారిస్ వెళ్తున్న ఎయిర్‌బస్ ఏ330 విమానంలో వేగాన్ని కొలిచే గొట్టాలు మంచుతో మూసుకుపోయి ఆటోపైలట్ తొలగిపోయింది. కో-పైలట్ కడ్డీని వెనుకకు లాగగా విమానం 35,000 అడుగుల నుండి సుమారు 38,000 అడుగులకు ఎక్కి, వేగం కోల్పోయి స్టాల్ అయింది. హెచ్చరిక ఒక దశలో 54 సెకండ్లు ఎడతెగక మోగినా, కడ్డీ ఎక్కువసేపు వెనుకకే ఉంది. సముద్రాన్ని తాకే సమయానికి ముక్కు 16 డిగ్రీలు పైకే చూస్తున్నది; విమానం మాత్రం నిమిషానికి 10,000 అడుగులకు పైగా వేగంతో పడుతున్నది. ఆటోపైలట్ తొలగినది మొదలు 4 నిమిషాల 23 సెకండ్లలో అంతా ముగిసింది. అందులోని 228 మందీ మరణించారు.