పెరటి కలుపునకు ఉప్పునీరు మందు కాదు: కొన్ని అపోహలు – వాస్తవాలు

పెరటిలో నాలుగు మడులు కట్టుకొని కూరగాయలు పండించుకొనువారి నడుమ ఈ మధ్య ఒక వదంతి మిక్కిలి వేగముగ ప్రబలినది. బకెట్టు నీటిలో రెండు దోసిళ్ళ కల్లుప్పు కరగించి, అందు కొంత వెనిగరును, కొంత సబ్బునీటిని చేర్చి కలుపుమీద చల్లినచో గరికయు తుంగయు సమూలముగ నశించుననియు, ఇక పారతోను తొలికతోను పనియే లేదనియు సెల్‌ఫోనులలో ఒకరినుండి యొకరికి సందేశములు పోవుచున్నవి. ఖర్చు స్వల్పము, నడుము వంచనక్కరలేదు. కనుక నమ్మినవారు పెక్కుమంది. నమ్మి చల్లినవారి పెరళ్ళు ఏ స్థితికి వచ్చుచున్నవో చూచిన పిమ్మట ఈ విషయమై ఊరకుండుట తగదని తోచినది.

చల్లిన మరునాటికే ఆకు వాడి గోధుమవన్నెకు తిరుగుట నిజము. ఆ ఆకును చూచియే జనులు మోసపోవుచున్నారు. కలుపుమొక్క ప్రాణము ఆకులో లేదు. తుంగ మొలచిన చోట జానెడు లోతున మన్నును బొరిగెతో మెల్లగ తొలగించి చూడుడు: నల్లని పీచు కప్పుకొన్న చిన్న గడ్డలు, సన్నని గట్టి తీగెతో ఒకదానికొకటి గొలుసుకట్టుగ కూర్చబడి యుండును, గోట గీచినచో లోపల తెల్లదనమును, ఆయుర్వేద వైద్యులు తుంగముస్తలని వాడు ఆ ద్రవ్యపు పరిమళమును తెలియవచ్చును. ఆకు మాడినంత మాత్రమున ఆ గడ్డకు కలుగు నష్టమేమి? తనలో దాచుకొన్న పిండిపదార్థముతో కొలది దినములలోనే మరియొక మొలకను పైకి పంపును. 1977లో హోల్మ్ ప్రభృతులు ప్రకటించిన ప్రపంచ దుష్టకలుపుల గ్రంథమున తుంగకు మొదటి స్థానమును, గరికకు రెండవ స్థానమును దక్కినవి. అట్టి శత్రువులు వంటయింటి ఉప్పునకు లొంగునని నమ్ముట ఎట్లు?

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. లవణమును సహించు శక్తి మొక్కలన్నిటికి సమానము కాదు. అమెరికా దేశపు లవణ పరిశోధనశాలకు చెందిన మాస్, హాఫ్‌మన్ అను శాస్త్రజ్ఞులు ఆ 1977లోనే ఏ పైరు ఎంత ఉప్పువరకు దిగుబడి తగ్గక నిలువగలదో నిర్ణయించి ఒక పట్టిక ప్రకటించిరి. మట్టినుండి తీసిన ద్రవముయొక్క విద్యుద్వాహకతను మీటరునకు ఇన్ని డెసీసీమెన్సులని కొలిచినచో, బీన్సు తట్టుకొను హద్దు 1.0, ఉల్లి ముల్లంగులది 1.2, టమాటాది 2.5, గరికదో, 6.9. చౌడు నేలలలో మరేమియు మొలవని చోట గరిక పచ్చగ పాకుట మన రైతులు తరతరములుగ చూచుచున్నదే. కాబట్టి గరికను చంపునంతటి ఉప్పు నేలలో చేరుటకు చాల ముందే, ఏ కూరమొక్కల కొరకు మనము ఇంత ప్రయాసపడుచున్నామో ఆ మొక్కలే చచ్చును. ఇది కొరివితో తల గోకికొనుట గాక మరేమి?

ఉప్పునీరు చల్లిన ఒక పెరటిలో నేను చూచినది చెప్పెదను. వంగమడి అంచులనున్న మొక్కల ఆకుల కొసలు కాలినట్లు ముడుచుకొని యుండెను. మన్నుపై తెల్లని పొర, చేత నులిమినచో పొడి రాలునట్టిది, అచ్చటచ్చట మెరయుచుండెను. పోసిన నీరు ఇంకక గంటసేపు తేటగ నిలిచియుండెను. ఆ తెల్లని పొరను చీల్చుకొని గరిక మాత్రము కొత్త చిగుళ్ళు వేయుచుండెను. నీరు ఇంకకపోవుటకు కారణము స్పష్టము. ఉప్పులోని సోడియము బంకమట్టి రేణువులను అంటి, అచ్చటి కాల్షియమును తొలగించి తాను స్థిరపడును. కాల్షియముచేత గుంపుగూడియుండిన రేణువులు అంతట విడిపోయి, నీరును గాలియు దూరు సూక్ష్మరంధ్రములను పూడ్చివేయును. ఎండినపుడు ఆ నేల పెచ్చుకట్టును, తడిసినపుడు జిగురగును. వాన కురిసినచో ఉప్పు కొట్టుకొనిపోవునని సమాధానము చెప్పువారు కలరు. క్లోరైడు పోవును గాని, మట్టిని పట్టుకొన్న సోడియము వట్టి నీటికి సులభముగ కదలదు. స్వభావముచేతనే బంక యెక్కువగ గల నల్లరేగడిలో ఈ కీడు మరింత తీవ్రము. చౌడు నేలను బాగుచేసికొనుటకు జిప్సము తోలించుచు రైతులు పడు శ్రమ మనము ఎరుగనిది కాదు. అట్టిచో చేజేతుల పెరటిలో చౌడును సృష్టించుకొనుట ఎంత అవివేకము!

వెనిగరు విషయము: ఇంట వాడు వెనిగరులో ఆమ్లము నూటికి నాలుగైదు పాళ్ళు మాత్రమే, అది రెండాకుల లేతమొక్కను మాడ్చును గాని వేరును తాకలేదు. సబ్బునీరు ఆ ద్రావణమును ఆకునకు అంటించుటకు తప్ప మరెందుకును పనికిరాదు.

ఇక పనిముట్లను, తవ్వుటను గూర్చిన చిన్న అపోహలను చిన్న మాటలతోనే త్రోసివేయవచ్చును. బరువైన పనిముట్టు మంచిదనుట తప్పు. అది కలుపునకంటె ముందు భుజమును పడగొట్టును. కొత్త పారకు సాన అక్కరలేదనుట తప్పు. అంగడినుండి వచ్చు పారలలో పెక్కింటికి అసలు అంచే తీసియుండదు. వాన పడిన వెంటనే తవ్వుట మేలనుట తప్పు. తడి రేగడిని తవ్వినచో ఎండిన పిమ్మట పెళ్ళలు ఇటుకలగును. మన్నును రెండడుగులు తవ్వి తలక్రిందు చేసినచో కలుపు శాశ్వతముగ పోవుననుట తప్పు. అడుగున నిద్రించు విత్తనములు వెలుతురునకు వచ్చి మొలచును, సారములేని గరుసు పైకి వచ్చును.

ఒక్క మాటను మాత్రము, మనసొప్పకున్నను, అంగీకరింపవలసియున్నది. ఎండకాలమున లోతుగ తవ్విన తుంగ చచ్చునని పెద్దలు చెప్పుదురు. లోతు తవ్వుటను ఇంతగ ఖండించిన పిమ్మట ఈ మాట ఒప్పుకొనుట కష్టమే గాని, అందు సత్యము కలదు. పైకి వచ్చిన తుంగగడ్డ చైత్ర వైశాఖముల ఎండకు వట్టిపోయి మొలకెత్తు శక్తిని కోల్పోవును. అయితే మడి ఖాళీగ ఉండవలెను. నేల పొడిగ ఉండవలెను. పెళ్ళను పలుగుతో ఎత్తి బోర్లించవలెనే గాని పారతో ముక్కలుగ నరుకరాదు. తుంగ గొలుసున కొసగడ్డ మొలచుచుండగా మిగిలినవి నిద్రించును. గొలుసు తెగినచో నిద్రించునవి యన్నియు మేలుకొనును. గరికకైతే ప్రతి కణుపును ఒక మొక్కయే. ఆషాఢములో కసితో నరికి, శ్రావణములో రెండింతల కలుపును చూచి వాపోవువారు ఈ భేదమును గ్రహింపవలెను.

కావున పనిముట్టును కలుపును బట్టి ఎన్నుకొనవలెను. విత్తనమునుండి అప్పుడే మొలచిన లేతకలుపునకు దోకుడుపార చాలును. దాని అంచును నేలకు ఇంచుమించు సమాంతరముగ ఉంచి, అంగుళము లోతుకు మించకుండ గీకుచు, గీచిన చోటు త్రొక్కక వెనుకకు నడువవలెను. ఎండగల దినమున ప్రొద్దుటి వేళ చేసినచో తెగిన మొక్క సాయంకాలమునకు వడలిపోవును. వరుసల నడుమ తొలిక. మొక్క మొదలున, కొన్ని తావులలో ఖుర్పీ యని పిలుచు బొరిగె. గరికతీగెలను తెగకుండ లాగుటకు నాలుగు పండ్ల ఫోర్కు. మడి కట్టుటకు, కాలువ తీయుటకు పార. వయ్యారిభామను మాత్రము పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసికొని వేరుతో పెరుకవలెను. దాని స్పర్శ పలువురికి చర్మవ్యాధి కలిగించును.

పనిముట్టు కొనునపుడు రంగు చూడవలదు. అలుగును రాతితో తట్టినచో కంగున మ్రోగవలెను. కామ దూరు కన్నము వద్ద అతుకు బీటలు ఉండరాదు. కామ కఱ్ఱ నార నిడివిగ సాగియుండవలెను. లారీ కమానుపట్టెతో కమ్మరి సాగగొట్టిన తొలిక అంగడి రేకు తొలికకంటె ఎన్నో రెట్లు మన్నును. పనికి పోవు ముందు ఆకురాయితో అంచునకు ఒక్క ప్రక్కనే నాలుగు సార్లు రాచి, పని ముగిసిన పిమ్మట మన్ను తుడిచి నూనెగుడ్డ పట్టించుట పది నిమిషముల పని.

మడి తయారుచేయుటకు మన్ను పదనులో ఉన్నదో లేదో ముందు చూడవలెను. పిడికెడు మన్నును ముద్దచేసి బొటనవ్రేలితో నొక్కినపుడు పొడియై రాలినచో పని మొదలుపెట్టవచ్చును. జిగురుగ సాగినచో మరి రెండు దినములు ఆగవలెను. జానెడు లోతున గుల్లచేసి, మాగిన పెంట పైపొరలో కలిపి, ఎండుటాకుతో కప్పినచో సగము కలుపు వెలుతురు లేక మొలవనే మొలవదు.

ఇప్పటికే ఉప్పు చల్లినవారు చేయవలసినది ఇది: ఆ చోట మరియొక చెంబెడైనను ఉప్పునీరు పోయకుడు, తెల్లని పొరను పారతో గీకి పెరటికి వెలుపల పారవేయుడు, మట్టిని భూసార పరీక్షకు పంపి, పరీక్షలో తేలిన మోతాదున జిప్సము కలిపి, నీరు పోవుటకు కాలువ తీసి మడిని నిండుగ తడుపుడు. కాల్షియము సోడియమును వదిలించిన పిమ్మటనే నీరు దానిని తీసికొనిపోగలదు. ఆ తరువాత వారమునకొకసారి అరగంట తొలిక పట్టుడు. విత్తు రాలకముందే కలుపును తీయు అలవాటును మించిన మందు పెరటికి లేదు.