లాప్‌టాప్ మనదే తెచ్చుకోవాలంటే ఏమవుతుంది?

ఈరోజు టాపిక్ బీవైఓడీ. అంటే స్కూల్ లాప్‌టాప్ ఇవ్వదు, స్టూడెంటే ఇంటి నుంచి తెచ్చుకోవాలి.

ఆస్ట్రేలియా సంగతి చూడండి. కేంద్రం ఇచ్చిన డబ్బుతో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ స్కూళ్లలో 2009 నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకి లాప్‌టాప్‌లు ఇచ్చారు. 2013లో ఆ స్కీమ్ అయిపోయింది. తర్వాత చాలా స్కూళ్లు బీవైఓడీకి మారాయి. అంటే ఖర్చు అమ్మానాన్నల మీద పడింది.

లాభం లేదా అంటే, ఉంది. చెయ్యి అలవాటైన మెషీన్, ఇంట్లో కూడా అదే వర్క్. కానీ ఒకరి దగ్గర కొత్త మ్యాక్‌బుక్, పక్కనోడి దగ్గర 4 జీబీ ర్యామ్ పాత లాప్‌టాప్ ఉంటే? వీడియో ఎడిటింగ్ ఇవ్వగానే రెండోది హ్యాంగ్ అవుతుంది. లోపం పిల్లాడిలో లేదు, ర్యామ్‌లో ఉంది. మార్కులు మాత్రం పిల్లాడికే తగ్గుతాయి.

అందుకే వర్క్ బ్రౌజర్‌లో నడిచేలా ఇవ్వాలి. గూగుల్ డాక్స్ లాంటివైతే విండోస్ అయినా, క్రోమ్‌బుక్ అయినా ఒకటే. ఫైల్ సర్వర్‌లో సేవ్ అవుతుంది కాబట్టి మెషీన్ పాడైనా వర్క్ పోదు. స్కూల్ కూడా బ్రాండ్ చెప్పకూడదు, కనీసం ఎంత ర్యామ్, ఎంత బ్యాటరీ కావాలో చెప్పాలి.

మీ స్కూల్లో ఈ రూల్ పెడితే ముందు ఒక్కటే అడగండి: కొనలేనివాళ్లకి స్కూల్ లాప్‌టాప్ అప్పుగా ఇస్తుందా? దానికి జవాబు లేకపోతే ఆ రూల్ ఇంకా రెడీ కాలేదన్నట్టే.