వీపు బలపడాలంటే ఏ కసరత్తు?

వ్యాయామశాలకు వెళ్ళే కుర్రవాళ్ళను గమనించండి. చాలామంది అద్దం ముందు నిలబడి ఛాతీ, జబ్బలు పెంచడంలోనే కాలమంతా గడిపేస్తారు. వీపు అద్దంలో కనబడదు కనుక దాని ఊసే ఎత్తరు. కాని బియ్యం బస్తా లేపినా, నీళ్ళ బిందె మోసినా, కొట్లో రోజంతా నిలబడినా భారం భరించేది వీపే. మట్టిపనికి పేరుపొందిన పాలమూరు కూలీలను అడిగితే ఈ సంగతి మనకంటె బాగా చెబుతారు.

బార్‌బెల్‌తో వీపుకు చేసే కసరత్తులు చాలానే ఉన్నాయి. మొదలుపెట్టేవారికి రెండు చాలు. అయితే బరువు ముట్టుకునే ముందు మీ వెన్నును ఒకసారి పరీక్షించుకోండి.

నేలమీద రూపాయి బిళ్ళ పెట్టి, మోకాళ్ళు వంచకుండా తీయండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించండి. చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి తల వెనుక తాకండి. ఇవి చేతకాకపోతే కండరాలు బిగిసి ఉండవచ్చు. కాని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారు మరో సంగతి కూడా ఆలోచించాలి. ఇక్కడ ఎన్నో ఊళ్ళలో బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే వెన్ను బిగుసుకుపోతుంది. ఎముక చూడటానికి దట్టంగా ఉన్నా పెళుసుబారుతుంది. ఇప్పుడు కుళాయిల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నా, చిన్నప్పుడు బోరునీళ్ళు తాగి పెరిగినవారు ఈ పరీక్షలో తడబడితే డాక్టరుకు చూపించి, ఎక్స్‌రే అవసరమేమో అడగండి. బిగుసుకున్న వెన్నును బలహీనత అనుకుని బరువులెత్తితే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

వెన్ను బాగానే ఉందా? అయితే మొదటిది డెడ్‌లిఫ్ట్, అంటే నేలమీది బరువును నిటారుగా నిలబడేవరకు ఎత్తడం. వెన్నెముకకు ఇరుపక్కలా మోకుల్లా సాగే కండరాలకు, పిరుదులకు, తొడల వెనుక భాగానికి ఇది మంచిది. కడ్డీ పాదాల మధ్యభాగానికి సరిగ్గా పైన ఉండాలి. తుంటి దగ్గర వంగి, మోకాళ్ళు కొద్దిగా మడిచి పట్టుకోండి. వీపు గూనిలా వంగకూడదు. కాళ్ళతో నేలను గట్టిగా అదిమి లేవండి. కడ్డీ కాళ్ళను రాసుకుంటూ పైకి రావాలి. చిన్న బిళ్ళలు వేస్తే కడ్డీ మరీ కిందికి ఉంటుంది; అప్పుడు రెండు పక్కలా చెక్కదిమ్మలు పెట్టుకోండి.

రెండవది బార్‌బెల్ రో. నడుము నిటారుగా ఉంచి ముందుకు వంగి, వేలాడుతున్న కడ్డీని బొడ్డు వైపు లాగాలి. పైకి వచ్చినప్పుడు రెండు రెక్కల ఎముకలు దగ్గరకు రావాలి. చంకల కింది నుంచి నడుము దాకా పరుచుకున్న వెడల్పాటి కండరాలు దీనితో పెరుగుతాయి. ఊపుతో లాగితే బరువు ఎక్కువైందని గుర్తు.

డెడ్‌లిఫ్ట్ 5 సార్ల చొప్పున 3 విడతలు, రో 8 నుంచి 10 సార్ల చొప్పున 3 విడతలు, వారానికి రెండు రోజులు చాలు. మధ్యలో కనీసం రెండు రోజులు విశ్రాంతి ఇవ్వండి. మొదటి కొన్ని వారాలు ఉత్త కడ్డీ, లేదా చాలా తక్కువ బరువు. అన్ని విడతలూ తడబడకుండా చేయగలిగాకే రెండున్నర కిలోలు కలపండి. పక్కవాడు వంద కిలోలు ఎత్తుతున్నాడని పోటీపడకండి.

రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారు డాక్టరు సలహా లేకుండా మొదలుపెట్టకూడదు. కసరత్తు మరునాడు కండరాలు సలపడం మామూలే. కాని నొప్పి కాలిలోకి జారినా, తిమ్మిరెక్కినా బార్‌బెల్ పక్కన పెట్టి డాక్టరును కలవండి. మలమూత్రాలు అదుపు తప్పితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

బరువు ఎంత ఎత్తామన్నది నలుగురికి కనబడుతుంది. ఎలా ఎత్తామన్నది మన వెన్నుకే తెలుస్తుంది.