నీరసానికి సూది

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస చుట్టుపక్కల ఊళ్లలో నీరసంగా ఉందని ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లిన మనిషి, దానికి కారణం తేలకముందే ఒక బలం ఇంజెక్షను, వీలైతే ఒక సెలైన్ సీసా ఎక్కించుకుని రావడం మామూలు సంగతి. సూది పడితేనే వైద్యం జరిగిందనే ఈ గట్టి నమ్మకాన్ని గుర్తుంచుకుంటేనే, మందు లేని సూదులతో చేసే ఆక్యుపంక్చర్ ఏళ్ల తరబడి వదలని అలసటను తగ్గిస్తుందా అన్న ప్రశ్నలోని చిక్కు అర్థమవుతుంది.

ఇక్కడ చెప్పుకొంటున్న అలసట పని ఒత్తిడి వల్ల వచ్చి, నిద్రతో పోయేది కాదు. 1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రి సిబ్బందిలో అనేకులను ఒకేసారి మంచం పట్టించిన అంతుచిక్కని జబ్బు తర్వాత వైద్యుల దృష్టి ఇటు మళ్లగా, 1988లో అమెరికన్ పరిశోధకులు ఇటువంటి స్థితికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ సూచించిన ప్రమాణాల ప్రకారం, రోజువారీ పనులను కుంటుపరిచే అలసట ఆరు నెలలకు మించి ఉండాలి, నిద్రపోయినా సేద తీరకూడదు, చిన్న శ్రమ తర్వాత కూడా ఒళ్లు మరింత కుప్పకూలాలి, వీటికి తోడు మతిమరుపు వంటి ఆలోచనా లోపమో, లేచి నిలబడితే లక్షణాలు ముదరడమో ఉండాలి. శ్రమ తర్వాత కుప్పకూలడమే దీని అసలు గుర్తు. చికున్‌గున్యా, కోవిడ్ వంటి వైరస్ జ్వరాల తర్వాత కొందరిలో నెలల తరబడి ఇలాంటి నీరసం మిగిలిపోవడం వైద్యులు గమనించిన విషయమే. ఈ రోగాన్ని పట్టించే రక్తపరీక్ష గానీ, నయం చేసే మందు గానీ ఇంతవరకు లేవు.

మందు లేనిచోట ఆక్యుపంక్చర్ వంటి ఇతర చికిత్సలు చేరడం సహజం. శరీరంలో ‘చీ’ అనే ప్రాణశక్తి నాడీమార్గాల వెంట ప్రవహిస్తుందనీ, ఆ మార్గాలపై ఉన్న బిందువుల వద్ద సన్నని సూదులు గుచ్చితే ప్రవాహం సరవుతుందనీ చైనా సంప్రదాయం చెబుతుంది గానీ, శరీరాన్ని కోసి చూసిన శాస్త్రవేత్తలకు ఆ మార్గాలు ఎక్కడా కనిపించలేదు. 1938లో ద్వారకానాథ్ కోట్నీస్‌తో పాటు చైనా వెళ్లిన భారతీయ వైద్యబృందంలోని బిజయ్ కుమార్ బసు ఈ విద్యను తర్వాత కలకత్తాకు తెచ్చారు.

సిద్ధాంతం తప్పయినా ఫలితం నిజం కావచ్చు కనుక, పరీక్షించవలసింది ఫలితాన్నే. అయితే ఉత్తుత్తి మాత్ర ఇచ్చినంత సులువుగా ఉత్తుత్తి సూది గుచ్చడం కుదరదు. ఈ ఇబ్బందిని దాటడానికి 1998లో జర్మనీకి చెందిన స్ట్రైట్‌బర్గర్, నాటకాల కత్తిలా మొన లోపలికి జారిపోయి, గుచ్చుకున్నట్టు మాత్రమే అనిపించే సూదిని వాడి చూపారు. అదే జర్మనీలో నడుంనొప్పి ఉన్న 1162 మందిపై జరిగి 2007లో వెలువడిన పరీక్షలో, ఉద్దేశపూర్వకంగా తప్పు చోట్ల పైపైన సూదులు పెట్టించుకున్నవారిలో 44.2 శాతం మందికి, సరైన బిందువుల వద్ద పెట్టించుకున్నవారిలో 47.6 శాతం మందికి ఉపశమనం కలిగింది; మామూలు వైద్యం పొందినవారిలో ఇది 27.4 శాతమే. అంటే సూది పని చేసింది, బిందువు మాత్రం పెద్దగా పని చేయలేదు.

అలసట విషయంలో ఆధారాలు ఇంకా పలచన. కొరియాలో 150 మందిపై జరిగి 2015లో ప్రచురితమైన పరీక్షలో ఆక్యుపంక్చర్ పొందినవారికి అలసట తగ్గినట్టు తేలింది కానీ, ఎవరికి ఏ చికిత్స అందుతోందో అందరికీ తెలుసు కనుక ఆశ చేసిన మేలెంతో, సూది చేసిన మేలెంతో విడదీయలేము. ఉత్తుత్తి సూదితో పోల్చిన 2013 నాటి హాంకాంగ్ పరీక్షలో రెండు వర్గాలవారూ కోలుకోగా, అసలు సూది వర్గానికి కొంత మొగ్గు కనిపించింది. సూది గుచ్చినచోట అడినోసిన్ అనే రసాయనం పెరిగి నొప్పిని అణచివేస్తుందని 2010లో ఎలుకలలో చూపారు గానీ, నొప్పి నుంచి అలసటకు వెళ్లే దారి ఆ ప్రయోగంలో లేదు.

శ్రీకాకుళం జిల్లాలో ఇంతకంటే పెద్ద ప్రశ్న మరొకటుంది. ఇతర కారణాలన్నిటినీ తోసిపుచ్చాకనే ఈ సిండ్రోమ్ పేరు పెట్టాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానంలో ఆ కారణాలలో మొదట చూడవలసింది మూత్రపిండాలను. కారణం నేటికీ తేలని అక్కడి మూత్రపిండాల జబ్బు చాలా దూరం వచ్చేదాకా నొప్పి లేకుండా సాగుతుంది. ఎముకల మజ్జకు ఎర్రకణాల తయారీని పురమాయించే ఎరిత్రోపోయెటిన్‌ను జబ్బుపడిన మూత్రపిండాలు తగినంత తయారు చేయలేవు గనుక, రక్తం పలచబడి నీరసం వస్తుంది. దానిని సూదులతోనో సెలైన్‌తోనో నెట్టుకొస్తే, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించవలసిన నెలలు చేజారిపోతాయి. రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం, క్షయ, ఏజెన్సీ గిరిజనులలో సికిల్ సెల్ కూడా ఇలాగే నీరసంగా బయటపడవచ్చు.

అన్ని పరీక్షలూ సవ్యంగా ఉన్నాక, ఉన్న ఓపిక మేరకే పనిని పంచుకుంటూ పోవడమే ప్రస్తుతం వైద్యులు సూచించే పద్ధతి. వ్యాయామాన్ని క్రమంగా పెంచుకుంటూ పోవాలన్న పాత సలహాను బ్రిటన్ 2021లో ఉపసంహరించింది. ఓపిక మేరకు పని చేసుకునే పద్ధతికి తోడుగా ఎవరైనా ఆక్యుపంక్చర్ కోరితే, శిక్షణ పొందినవారి చేతిలో, ఒకసారి వాడి పారేసే సూదులతో ప్రమాదం తక్కువే. డయాలిసిస్ చేయించుకునేవారి సంగతి వేరు. కిడ్నీ రోగుల లక్షణాలపై ఆక్యుపంక్చర్ ప్రభావాన్ని 2016లో సమీక్షించిన కోక్రేన్ సంస్థకు దొరికిన ఆధారాలు చాలా నాసిరకమైనవి. పైగా రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి, ముందుగా డయాలిసిస్ కేంద్రంలోని వైద్యుడిని అడగాలి, డయాలిసిస్ కోసం అమర్చిన ఫిస్టులా ఉన్న చేతికి మాత్రం ఏ సూదీ పెట్టనివ్వకూడదు.