బొచ్చుకుక్కకు ఇంటివద్దనే ఒంటి సేవ



ఎద్దును కడగటం, గేదెను తోమటం మీకు ఒకరు నేర్పవలసిన పని కాదు. కాని కుక్క విషయం వచ్చేసరికి, “దానికేం సేవ? పెట్టింది తిని పడివుంటుంది” అంటాం. పొట్టిబొచ్చు ఊరకుక్కకు ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. పట్నం నుంచి పిల్లలో, చుట్టాలో తెచ్చియిచ్చిన స్పేనియల్ వంటి బొచ్చుకుక్కకు మాత్రం చెల్లదు. ఇది చలిదేశాలలో పొదలలోని పిట్టలను లేపటానికి పెంచిన వేటకుక్క. కాకర్ స్పేనియల్‌కు ఆ పేరు వుడ్‌కాక్ అనే పిట్ట వేట వల్లనే వచ్చింది. చెవులు పెద్దవి, వేలాడుతుంటాయి. చెవులకు, పొట్టకు, కాళ్లకు పొడుగాటి బొచ్చు. మన ఎండలకు, మన ముళ్లకు, మన పిడుదులకు ఆ బొచ్చు మంచి ఇల్లు. కాబట్టి యజమాని చెయ్యి దానిమీద రోజూ పడవలసిందే.

ఇందుకు కావలసిన సరంజామా ఏమంత లేదు. పళ్లు ఎడంగా ఉన్న దువ్వెన ఒకటి, పేలదువ్వెన ఒకటి, మొన మొద్దుగా ఉన్న కత్తెర, గోళ్లు తీసే కత్తెర, చిన్న పట్టకారు, దూది, పొడిగుడ్డ. ఇవి ఉంటే చాలు.

మొదటి పని దువ్వటం. రోజుకు పది నిమిషాలు చాలు. పొలం నుంచి రాగానే దువ్వితే మరీ మంచిది. ముందు ఎడం పళ్ల దువ్వెనతో బొచ్చు కొసల నుంచి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా చర్మం వైపు పోవాలి. మొదలు నుంచి ఒక్కసారిగా లాగితే నొప్పి పుడుతుంది, మరునాడు దువ్వెన చూడగానే కుక్క పారిపోతుంది. చెవుల వెనుక, చంకలలో, తొడల సందున, తోక కింద ముందుగా జడలు కడతాయి. జడ కట్టినచోట గాలి ఆడదు, చెమ్మ నిలుస్తుంది, చర్మం పుండు పడుతుంది. ఆ పుండుమీద ఈగ వాలి గుడ్లు పెడితే పురుగులు పడతాయి. విడదీయరాని జడను కత్తెరతో తీసివేయండి. అయితే జడకూ చర్మానికీ మధ్య దువ్వెన అడ్డుపెట్టి, దానిపైనే కత్తిరించాలి. లేకుంటే చర్మం తెగుతుంది సుమా!

ఎండాకాలం వచ్చిందని ఒళ్లంతా నున్నగా గొరిగించేవారున్నారు. అది మంచిది కాదు. ఆ బొచ్చే చర్మాన్ని ఎండదెబ్బ నుంచి కాస్తుంది. కుక్క మనలాగ ఒళ్లంతా చెమట పోసి చల్లబడదు, నోరు తెరచి ఒగర్చి చల్లబడుతుంది. దానికి కావలసింది నీడ, గాలి, గిన్నెలో నీళ్లు. పొట్ట కింద, పాదాల మధ్య బొచ్చు పొట్టిగా కత్తిరిస్తే సరి.

దువ్వేటప్పుడే పాదాలు ఎత్తి వేళ్ల సందులు చూడండి. పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు, గడ్డిముళ్లు అక్కడే చిక్కుకుంటాయి. ఊరుకుంటే గడ్డిముల్లు చర్మంలోకి దూరి చీము పడుతుంది.

రెండవది చెవులు. వారానికొకసారి చెవి పైకెత్తి చూడండి, వాసన చూడండి. శుభ్రమైన చెవికి చెడువాసన ఉండదు. చెవి ఎర్రబడినా, గోధుమరంగు గుల్ల కట్టినా, కుక్క తల విదిలిస్తున్నా, ఒకవైపుకు వంచుతున్నా పశువైద్యునికి చూపాలి. లోపల పుల్లలు పెట్టి తిప్పకండి, నూనె పొయ్యకండి. పైకి కనిపించేమేరకు దూదితో తుడిస్తే చాలు.

మూడవది స్నానం. మూడు నాలుగు వారాలకొకసారి చాలు. స్నానానికి ముందే దువ్వాలి. తడిసిన చిక్కు ఇంకా బిగుసుకుంటుంది. బట్టల సబ్బు వాడకండి, చర్మం పొడిబారి దురద పుడుతుంది. కుక్కలకని అమ్మే షాంపూ వాడి, జిగురు పోయేదాకా కడిగి, ముఖ్యంగా చెవుల కింద పొడిగా తుడవండి.

గోళ్లు నేలమీద టకటకమని వినబడితే పెరిగినట్లు లెక్క. కొస మాత్రమే కొద్దికొద్దిగా తీయాలి. గోరు లోపల రక్తనాళం ఉంటుంది. తెల్లగోటిలో అది గులాబిరంగుగా కనిపిస్తుంది, నల్లగోటిలో కనిపించదు. ముందుకాలి లోపలివైపు కాస్త పైన ఉండే గోరును మరచిపోకండి. అది నేలకు రాసుకోదు గనుక వంపు తిరిగి కండలోకి గుచ్చుకుంటుంది.

ఇక అసలు మాట, పిడుదుల మాట. కొన్ని తావుల వీటినే గోమార్లంటారు. పిడుదు రక్తం తాగటమే కాక జ్వరాలు అంటిస్తుంది. కుక్క మేత మాని, ఒళ్లు కాలి, చిగుళ్లు పాలిపోయినా, ముక్కున రక్తం కారినా, మూత్రం ముదురురంగుకు తిరిగినా జాగు చేయరాదు. రక్తపరీక్ష చేసి రోగం పోల్చవచ్చు, వేళకు అందితే మందు ఉంది.

కనిపించిన పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనుకొని పట్టి, నిదానంగా తిన్నగా లాగాలి. వేళ్లతో నలపకండి. నిప్పు, కిరసనాయిలు పెట్టకండి. అయితే ఒంటిమీద తీసినంత మాత్రాన పని తీరదు. కుక్కపిడుదు పిల్లగా ఉన్నప్పటి నుంచి మూడుసార్లు కుక్క మీదికెక్కి రక్తం తాగుతుంది, ప్రతిసారీ దిగిపోయి గోడ పగుళ్లలో దాక్కుంటుంది. రక్తం తాగి దిగిన ఆడపిడుదు ఆ పగుళ్లలోనే వేలకొలది గుడ్లు పెడుతుంది. కనుక కుక్క పడుకునేచోట పగుళ్లు పూడ్చి, సున్నం కొట్టించి, గోనెలను మరిగే నీళ్లలో ఉడికించి ఎండవేయండి.

ఇక్కడే కొందరు పంటకు కొట్టే పురుగుమందును నీళ్లలో కలిపి కుక్క ఒంటికి పూస్తుంటారు. ఇది ప్రాణం తీసే పని! ఆ మందు చర్మం గుండా ఇంకుతుంది, కుక్క ఒళ్లు నాకుకుంటే కడుపులోకీ పోతుంది. పూసిన చేతులకూ ప్రమాదమే. ఎవరైనా పూసివుంటే, చొల్లు కారటం, ఒళ్లు వణకటం, కంటిపాప చిన్నదవటం కనిపించినా కనిపించకపోయినా, చేతులకు తొడుగులు వేసుకొని కుక్కను సబ్బునీళ్లతో కడిగి, మందు డబ్బాతో సహా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. డబ్బామీది పేరు చూస్తేనే డాక్టరుకు విరుగుడు తెలుస్తుంది. పిడుదులకు ఏ మందు, ఎంత పాళం అనేది కుక్క బరువు, వయసు చూసి డాక్టరే చెప్పాలి. గొడ్లకు ఇచ్చిన మందును అదే పాళంలో కుక్కకు వాడరాదు. ఇంట్లో పిల్లి ఉంటే ఆ సంగతీ చెప్పండి. కుక్కకు పనికివచ్చే కొన్ని మందులు పిల్లికి విషం.

ఒంటి సేవ చేసే కుక్క నోరు మన చేతికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి పిచ్చికుక్క రోగం టీకా వేయించి, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేయించండి. పెంపుడు కుక్క కరచినా సరే, పుండును సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మీరు రైతు ఇంటికి పోయినప్పుడు గేదె పొదుగుతోపాటు కుక్క చెవి కూడ ఎత్తి చూడండి. పిడుదులుంటే ముందుగా, “దీనికి ఏం పూస్తున్నారు?” అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఒక ప్రాణాన్ని నిలపవచ్చు.

ఇవాళ సాయంత్రమే దువ్వెన పట్టండి. సెలవు.