ఆటకు సరే, అధికారానికి?

1987లో ఐరోపా ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారుడిగా బాలన్ డోర్ అందుకున్న రూడ్ గులిట్, ఆ పురస్కారాన్ని నెల్సన్ మండేలాకు అంకితం చేశారు. మండేలా అప్పటికింకా చెరసాలలోనే ఉన్నారు. గులిట్ తండ్రి, ఒకనాడు బానిసల చెమటతో నడిచిన డచ్చి వలస సురినామ్ నుంచి వచ్చిన నల్లజాతీయుడు. మరుసటి ఏడాది గులిట్ సారథ్యంలోనే నెదర్లాండ్స్ ఐరోపా కప్పు గెలిచింది. జడలు కట్టిన ఆయన జుట్టును అనుకరిస్తూ అభిమానులు విగ్గులు పెట్టుకొని స్టేడియాలకు వచ్చారు.

1996లో ఆయన లండన్ క్లబ్ చెల్సీకి ఆటగాడు-మేనేజర్ అయ్యారు. ప్రీమియర్ లీగ్‌లో తొలి నల్లజాతి మేనేజర్ ఆయనే. 1997లో ఎఫ్‌ఏ కప్పు గెలిపించి, 26 ఏళ్లుగా ఆ క్లబ్ ఎదురుచూస్తున్న పెద్ద విజయాన్ని అందించారు. అయినా 1998 ఫిబ్రవరిలో, జట్టు లీగ్‌లో రెండో స్థానంలో ఉండగానే ఉద్వాసన పలికారు. జీతం విషయంలో ఒప్పందం కుదరలేదన్నది క్లబ్ చెప్పిన కారణం.

దీనికంతటికీ వర్ణవివక్షే కారణమనడం తొందరపాటు. తర్వాత న్యూకాజిల్‌లో ప్రధాన ఆటగాడు అలన్ షియరర్‌ను పక్కనబెట్టి ఓడిన నిర్ణయం గులిట్‌దే. అయితే ఒక వ్యక్తి కథను దాటి చూడాలి. ఇంగ్లండ్ మైదానాల్లో నల్లజాతి ఆటగాళ్లు విస్తారంగా కనిపిస్తారు; అగ్రశ్రేణి మేనేజర్లను మాత్రం వేళ్లమీద లెక్కించవచ్చు. తప్పు చేసిన తెల్లజాతి మేనేజర్‌ది వ్యక్తిగత వైఫల్యంగా మిగిలిపోతుంది. నల్లజాతి మేనేజర్ తప్పు మొత్తం జాతి యోగ్యత మీదే సందేహంగా మారుతుంది.

ఈ తర్కం మనకు కొత్తది కాదు. చర్మకార కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశారు. పుణెలో ఆయన బంతిని ఆడినవారే, ఆయనకు విడిగా మట్టిపాత్రలో టీ పోశారు. హిందూ జట్టుకు ఆయన బౌలింగ్ కావాలి, నాయకత్వం మాత్రం అక్కర్లేదు. సారథ్యం ఆ కుటుంబానికి దక్కింది 1923లో, తమ్ముడు విఠల్ కాలంలో.

శ్రమను, నైపుణ్యాన్ని స్వీకరించి ఆజ్ఞాపించే హక్కును నిరాకరించడం వర్ణానికీ కులానికీ ఉమ్మడి లక్షణం. అందుకే ప్రాతినిధ్యాన్ని జట్టు జాబితాతో కొలిచి తృప్తిపడరాదు. ఎంపిక సంఘంలో, శిక్షకుల వరుసలో, విశ్వవిద్యాలయ నియామక మండళ్లలో ఎవరున్నారని అడగాలి. అక్కడికి చేరినవారికి ఒకసారి పొరపాటు చేసి మళ్లీ నిలదొక్కుకునే అవకాశం ఉందా అనీ అడగాలి. ఇతరులకు ఆ అవకాశం అడగకుండానే దక్కుతోంది మరి.